నాలుగంకెల సంతోషం

భీమవరం నుంచి.

శ్రీయుత వినియోగదారుల సంతోష విభాగాధిపతి గారి దివ్యసముఖమునకు,

విషయం: మా ఇంటి వాషింగ్ మెషిన్ బాగుపడకుండానే మూడుసార్లు బాగుపడిన సంగతి.

సూచిక: మీరిచ్చిన మూడు కంప్లయింటు నంబర్లు. మూడింటి పక్కనా పచ్చరంగులో ‘క్లోజ్డ్’ అని ఉన్నది.

అయ్యా,

నేను తపాలా శాఖలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా దిగిపోయినవాణ్ణి. ఉత్తరం రాయడం, అది అందిందో లేదో కనుక్కోవడం తప్ప వేరే విద్య రాదు. మీకు మెయిలు పెడితే ‘ఈ మెయిలుకు జవాబు ఇవ్వవద్దు’ అని జవాబొచ్చింది. పోనీ కాగితం మీద రాద్దామని మీ వెబ్‌సైటంతా గాలించాను. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నవ్వుతున్న ఓ అమ్మాయి బొమ్మ కనబడింది గానీ చిరునామా కనబడలేదు. 1972 ఆగస్టు 15న దేశానికి పిన్ కోడ్ వచ్చింది. మీకింకా వచ్చినట్టు లేదు. అందుకే ఈ ఉత్తరాన్ని ఊరందరి ముందూ విప్పి చదువుతున్నాను. నలుగురిలో ఒకరైనా మీ చెవిన వేయకపోతారా అని ఆశ.

జరిగింది చెబుతాను. సంక్రాంతికి పిల్లలొస్తున్నారని ఇల్లు దులిపించాం, డాబా మీద ట్యాంకు కడిగించాం, మా ఆవిడ అరిసెలకు బియ్యం నానబోసింది. భోగికి నాలుగు రోజుల ముందు మంచాల మీది దుప్పట్లన్నీ తీసి మెషిన్‌లో వేసి మీట నొక్కింది. మెషిన్ నీళ్లు పట్టుకోవడానికి కాసేపు మూలిగి, ఏడుసార్లు టింగుటింగుమని మొత్తుకుని, ఒక ఇంగ్లీషు అక్షరమూ దాని పక్కన ఒక అంకే చూపించి ఊరుకుంది. కుళాయికున్న పైపు పీకి చూస్తే నా పంచె తడిసిపోయేంత ధార. నీళ్లున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మెషిన్‌కి తప్ప.

మెషిన్ ఆన్‌లైన్‌లో కొన్నది. మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి మా అమ్మాయి పంపించింది. కంప్లయింటు కూడా ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలట. సరేనని మూత మీదున్న గళ్ల ముద్రకు ఫోను చూపిస్తే చాట్ తెరుచుకుంది. మీ చాట్‌బాట్‌కు చక్కని ఆడపిల్ల పేరు పెట్టారు. తెలుగు నొక్కాను. ‘మీకు సహాయం చేయడానికి నేను ఇక్కడ ఉన్నాను’ అంది. ఆ ఇక్కడ ఎక్కడో చెప్పలేదు. ‘మీ ఉత్పత్తి యొక్క ఆందోళనను టైపు చేయండి’ అంది. ఆందోళన మాదమ్మా, ఉత్పత్తి నిశ్చింతగానే ఉంది అని రాశాను. ‘క్షమించండి, అర్థం కాలేదు. ఒకటి, కొత్త ఉత్పత్తి కొనుగోలు. రెండు, వారంటీ పొడిగింపు. మూడు, సీరియల్ నంబరు నమోదు’ అంది. పాడైపోయింది అనే అంకె ఆ జాబితాలో లేదు. మూడు నొక్కాను.

సీరియల్ నంబరు మెషిన్ వీపు మీద ఉంది. వీపు గోడకు ఆనుకుని ఉంది. మెషిన్ డాబా మీద మెట్లగదిలో ఉంది. సిగ్నల్ మాత్రం కింద వసారాలోనే ఉంది. నాకు అరవై ఎనిమిదేళ్లు, పద్దెనిమిది మెట్లు, రెండు అరిగిన మోకాళ్లు. పైకెళ్లి మెషిన్‌ని జరిపి, టార్చి వేసి, సున్నాకీ ‘ఓ’కీ తేడా పోల్చుకుంటూ నంబరు అరచేతిలో రాసుకుని కిందికి దిగేసరికి చాట్‌లో ఇలా ఉంది: ‘మీరు రెండు నిమిషాలుగా స్పందించనందున ఈ సంభాషణ ముగిసింది. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

ఈ మాట చెబితే మా అమ్మాయి నవ్వి ఒక కథ చెప్పింది. 1966లో అమెరికాలో, ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అనే ప్రోగ్రామును లోకానికి చూపించాడట. మనమేదంటే దాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. మా అమ్మ మీద కోపంగా ఉంది అంటే, మీ ఇంటివాళ్ల గురించి ఇంకొంచెం చెప్పండి అనేది. దానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా జనం దానికి కష్టసుఖాలు చెప్పుకున్నారట, విన్నట్టు నటించేది గనక. అరవై ఏళ్లు గడిచాయి. మీది ఆ నటన కూడా మానుకుంది.

మెట్లు మరో రెండుసార్లు ఎక్కి దిగాక మొదటి కంప్లయింటు నంబరు దక్కింది. మర్నాడు బండి మీద ఓ కుర్రాడొచ్చాడు. వినయమైనవాడు. చెప్పులు మెట్లగది బయట విడిచాడు. మెషిన్ వేసి చూసి, ‘నీళ్లు రావట్లేదు సార్’ అన్నాడు. మేం చెప్పిందే మాకు చెప్పినా, నిపుణుడు చెబితే ఆ అందం వేరు. వెంటనే ఫోను తీసి ఫొటో కొట్టి, ‘హ్యాపీ కోడ్ చెప్పండి సార్’ అన్నాడు.

‘అదేమిటి బాబూ?’

‘మీరు హ్యాపీ అని సార్. నాలుగంకెలుంటాయి, రిజిస్టర్డ్ మొబైల్‌కి వచ్చుంటది.’

‘నేను హ్యాపీ కాదు కదా?’

‘మీరు కాకపోయినా పర్వాలేదండి, కోడ్ ఉంటే చాలు. ఈ కాల్ క్లోజ్ చేసి పార్ట్‌కి కొత్త కాల్ తెరవాలి. ఇరవై నాలుగు గంటలు దాటితే మాకు కోత పడుద్ది సార్.’

మెషిన్ మా అమ్మాయి పేరు మీద ఉంది కాబట్టి కోడ్ హైదరాబాదు వెళ్లింది. కుర్రాడు అటు ఫోను కలిపాడు. ఆఫీసు మీటింగులో ఉన్న పిల్ల, నాన్న దగ్గరికి మనిషొచ్చాడు కదా, పని అయిపోయి ఉంటుందని నాలుగంకెలూ చెప్పేసింది. ఆ విధంగా భీమవరంలో తడవని దుప్పట్ల సంతోషాన్ని గచ్చిబౌలి ధ్రువీకరించింది. మొదటి కంప్లయింటు పచ్చబడింది.

రెండో కంప్లయింటుకు ఇంకొకాయన వచ్చాడు. బోర్డు పోయింది, ఆరువేల ఎనిమిది వందలవుతుంది, కూలీ, జీఎస్టీ వేరే అన్నాడు. పదేళ్ల వారంటీ అని మూత మీద పెద్దక్షరాలతో ఉంది కదా అన్నాను. ‘అది మోటారుకి సార్. మోటారు భేషుగ్గా ఉంది’ అన్నాడు. చెడిపోని దానికి పదేళ్ల పూచీ, చెడిపోయేదానికి రెండేళ్లు. ఎస్టిమేటు చేతికిచ్చాడు. ఎస్టిమేటు ఇస్తే పని అయినట్టేనట. మళ్లీ నాలుగంకెలు. రెండోది కూడా పచ్చబడింది.

మూడోదానికి ఎవరూ రాలేదు. ఆ రోజంతా మేమిద్దరం వసారాలోనే ఉన్నాం. మా ఆవిడ అరిసెలు వత్తుతోంది, నేను నూనె వార్చే చట్రం పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆరింటికి మెసేజీ వచ్చింది: ‘మా ప్రతినిధి వచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి ఉన్నది.’ మూడోదీ పచ్చబడింది. ఈసారి కోడ్ అయినా అడగలేదు.

అయ్యా, ఆ తాళం మాట చదివాక నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే ఆ మాట మాది. ఎండకు ఓర్వలేకో, వీధి చివర కుక్కకు జడిసో మా పోస్టుమాన్లలో ఒకరిద్దరు గడప తొక్కకుండానే కవరు మీద ‘డోర్ లాక్డ్’ అని రాసి వెనక్కి తెచ్చిన రోజులున్నాయి. కానీ మా దగ్గర దానికో విరుగుడు ఉండేది. అక్నాలెడ్జ్‌మెంటు కార్డు. రిజిస్టరు ఉత్తరానికి వెనక ఆ కార్డు కట్టి పంపితే, అందుకున్నవారు దాని మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం మళ్లీ ప్రయాణం చేసి పంపినవారి ఇంటికి చేరాలి. అప్పటికి గానీ ఆ ఉత్తరం అందినట్టు కాదు. పోస్టుమాను నేనిచ్చేశాను అంటే చాలదు, పోస్టుమాస్టరు మా రికార్డులో ఉంది అన్నా చాలదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పేరు పోయినందుకు బాధే గానీ, ఆ కార్డు నేర్పిన నీతి పోలేదు: పని పూర్తయిందని చెప్పే హక్కు చేసినవాడిది కాదు, చేయించుకున్నవాడిది.

మీ హ్యాపీ కోడ్ కూడా మొదట్లో ఆ నీతి మీదే పుట్టి ఉంటుంది. ఎవరో మంచివాడు, ఇంటివాళ్లు ఒప్పుకునేదాకా కంప్లయింటు మూయకూడదని పెట్టి ఉంటాడు. దాన్ని మీరు తలకిందులు చేశారు. రాకముందే అడుగుతారు, బాగుచేయకముందే అడుగుతారు, ఇవ్వకపోతే తాళం వేసి ఉందంటారు. ఆ కుర్రాళ్లను నేను తప్పు పట్టను. వాళ్ల జీతం కోత గడియారానికి కట్టి ఉంది. గడియారం మీది.

మీ మౌనం వల్ల ఇంకో అనర్థం కూడా ఉంది. మూడోదానికి తాళం మెసేజీ వచ్చాక మా బావమరిది ఊరుకోలేక గూగుల్‌లో మీ కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోను కలిపాడు. మొదటి రింగుకే ఎత్తారు. ‘చెప్పండి సార్, ఏం ఇబ్బంది వచ్చింది?’ అని తెలుగులో అడిగారు. మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నారు. ‘అయ్యయ్యో, పండగపూట’ అన్నారు. వారం రోజుల్లో మాకు దొరికిన మర్యాద అదొక్కటే. ఆ తర్వాత, పది రూపాయలు కట్టి నమోదు చేసుకోండి, దానికి ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ కనబడేలా అనుమతి ఇవ్వండి అన్నారు. సేవింగ్సు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కనుక, రసీదు పుస్తకం లేని చోట పది రూపాయలు కట్టే అలవాటు నాకు లేదు. ఫోను లాక్కుని ఆపేశాను. ఆ పది రూపాయలు కట్టి ఉంటే బావమరిది ఖాతా ఖాళీ అయ్యేది, మేం సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేసి ఏడవాల్సి వచ్చేది. మీరు గుమ్మం మూసుకున్నారు, వాళ్లు పక్కనే పందిరి వేసి కుర్చీలు వేశారు. దొంగకు తెలిసిన సంగతి మీకెందుకు తెలియలేదు? చెడిపోయిన వస్తువుతో ఉన్న మనిషి మొదట కోరేది, ఎవరో ఒకరు వినడం.

ఇక మెషిన్ ఎలా బాగుపడిందో చెప్పాలి. ఈ ఉత్తరం అసలు అందుకోసమే.

కనుమ నాటి రాత్రి పదకొండు దాటింది. నిద్రపట్టక మళ్లీ మీ చాట్ తెరిచాను. బాట్ ఏమడిగినా ‘మనిషి కావాలి’ అని ఒక్కటే మాట రాస్తూ పోయాను. ఆరోసారికి విసిగిందో ఏమో, ఎక్కడినుంచో నిజంగానే ఒకావిడ వచ్చింది. మొదట రెండు వాక్యాలు ఇంగ్లీషులో బడి ప్రార్థనలా అప్పజెప్పింది. నేను తెలుగులో రాయడం చూసి, ‘సార్, తెలుగులోనే మాట్లాడదాం’ అంది. తర్వాత మీ పుస్తకంలో లేని ప్రశ్నలు అడిగింది.

నీళ్లు అసలు రావట్లేదా, సన్నగా వస్తున్నాయా? సన్నగా, మూలుగుతూ అన్నాను. మెషిన్ ఎక్కడుంది? డాబా మీద. ట్యాంకు దానికెంత ఎత్తులో ఉంది? పది అడుగులు ఉంటుంది. మూడేళ్లుగా అదే చోట పనిచేసిందా? చేసింది. అయితే ఎత్తు కాదు అని తనలో తాను అనుకున్నట్టు రాసింది. ఒక నిమిషం ఏమీ రాలేదు. ఆ తర్వాత వచ్చింది ప్రశ్న.

‘సార్, పండక్కి ట్యాంకు ఏమన్నా కడిగించారా?’

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇద్దరు నిపుణులూ, ఒక బాటూ, పదిహేడక్షరాల సీరియల్ నంబరూ రాబట్టలేని సంగతి అది. ట్యాంకు కడిగినప్పుడు అడుగున ఉన్న బురదా, నాచూ కదిలి పైపులో దిగుతాయట. మెషిన్‌లోకి నీళ్లు వెళ్లే చోట గోరంత ప్లాస్టిక్ జాలీ ఉంటుందట. ఆ చెత్తంతా అక్కడ ఆగిపోతుందట. నీళ్లు అనుకున్న వేళకు నిండకపోతే మెషిన్ అలిగి ఆ అక్షరమూ అంకే చూపిస్తుంది.

ఏం చేయాలో ఒక్కొక్క మెట్టే చెప్పింది. ముందు ప్లగ్గు తీసేయండి. కుళాయి కట్టేయండి. కింద చిన్న గిన్నె పెట్టుకుని, మెషిన్ వెనక పైపు మరను చేత్తోనే విప్పండి, పానా వద్దు. లోపల జాలీ మధ్యలో చిన్న ముక్కు ఉంటుంది, సన్నమూతి ప్లయర్‌తో పట్టుకుని నిదానంగా లాగండి. పాత టూత్‌బ్రష్‌తో కుళాయి కింద కడగండి. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే నిమ్మరసంలో కాసేపు ఉంచండి. తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు వాషర్ పడిపోకుండా చూసుకోండి.

పద్దెనిమిది మెట్లున్నాయమ్మా, ఈలోగా నీ చాట్ మూసుకుంటుంది అన్నాను. దానికావిడ ఇచ్చిన జవాబు మీ కంపెనీ గోడ మీద రాయించుకోండి. ‘ఫోను మేడం గారికిచ్చి వెళ్లండి సార్. నిమిషానికో చుక్క టైపు చేయమనండి, చాట్ తెగదు. నేనుంటాను.’

ఆ రాత్రి మా ఆవిడ మెట్ల కింద స్టూలు వేసుకుని కూర్చుని చుక్కలు పెట్టింది. సంక్రాంతి ముగ్గుకు కూడా అంత శ్రద్ధగా పెట్టి ఉండదు. పైన నేను టార్చి నోట కరుచుకుని మర విప్పాను. జాలీ బయటికొచ్చింది. దాని మీద ఇటుకరంగు బురద పొర, దానికి అంటుకుని పచ్చగా నాచు పీలికలు. బ్రష్ పెట్టి రుద్దితే వెనక నుంచి వెలుతురు కనబడింది. బిగించి, కుళాయి తిప్పి, ప్లగ్గు పెట్టి మీట నొక్కితే నీళ్లు జలజలమని దూకాయి. ఆ చప్పుడు కిందికి వినబడి మా ఆవిడ చుక్కలు ఆపి, ‘వచ్చాయమ్మా’ అని రాసిందట. అవతలినుంచి ఒక నవ్వు బొమ్మ వచ్చిందట. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ఖర్చు ఒక పాత టూత్‌బ్రష్. ఆరువేల ఎనిమిది వందల బోర్డు ఇప్పటికీ తన చోటే తాను క్షేమంగా ఉంది.

ఆవిడ పేరు రాయను. చాట్‌కు ఇన్ని నిమిషాలే అని మీకొక లెక్క ఉండే ఉంటుంది. అది దాటినందుకు మీరు ఆవిడకు శ్రీముఖం పంపుతారని నా భయం.

ఇంతకూ ఆ చాట్‌కు కంప్లయింటు నంబరు లేదు. అంటే మీ లెక్కల్లో మా మెషిన్ బాగుకానప్పుడు మూడుసార్లు బాగైంది. నిజంగా బాగైన రాత్రి మాత్రం ఏమీ జరగలేదు.

నేను కోరేవి పెద్దవేం కావు.

ఒకటి. కోడ్ అడిగే ముందు మెషిన్ ఒక విడత బట్టలు ఉతకాలి. కోడ్ ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు రావాలి. అది లేకుండా మీ తరఫున ఎవరూ దేన్నీ మూయకూడదు.

రెండు. ‘మనిషి కావాలి’ అంటే మొదటిసారికే మనిషి రావాలి. ఆ మనిషికి, నాలాంటివాడు మెట్లెక్కి దిగేంత వ్యవధి ఉండాలి.

మూడు. మెషిన్ చూపించే ప్రతి అంకెకూ అర్థం, ఇంట్లో చేసుకోగల చిన్న పనులూ తెలుగులో అచ్చువేసి మూత లోపల అంటించాలి. మరమ్మతు సమాచారం కొన్నవాడికి అందాలనే 2022 డిసెంబరు 24న కేంద్రప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మూత లోపలి ఆ తెలుగును బాట్ చేత రాయించకండి. ఆవిడ చేత రాయించండి.

నాలుగు. మీ ఫోను నంబరు, పిన్ కోడ్‌తో సహా చిరునామా మెషిన్ ముందు వైపు ఉండాలి. వీపు మీద కాదు.

ఇవి దయాభిక్ష అనుకోకండి. 1986 నుంచీ ఈ దేశంలో వినియోగదారుకు చట్టముంది. 2019లో దాన్ని తిరగరాశారు, 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల ఫిర్యాదుల అధికారి నలభై ఎనిమిది గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. పరిష్కరించాలి అని ఉంది గాని, మూసేయాలి అని లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే తెలుగులోనే చెప్పుకోవచ్చు. జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు, అయిదు లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు. తప్పంతా బాట్‌దే, మాకేం తెలియదు అనడానికీ లేదు. కెనడాలో ఒక విమానాల కంపెనీ అలాగే అన్నది. మీ వెబ్‌సైటులో ఉన్న ప్రతి మాటకూ మీరే బాధ్యులు అని 2024లో అక్కడి ట్రిబ్యునల్ తేల్చింది.

చివరగా ఒక కథ, మీ మేలు కోరి. 1960ల్లో బొంబాయిలో మాథుర్ అనే ఇంజనీరు గారింట్లో జర్మనీ బ్లెండర్ మోటారు కాలిపోయిందట. ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. భార్య పోరగా ఆయన తానే ఓ యంత్రం తయారుచేశాడు. పసుపుకొమ్ములకు, నానిన మినప్పప్పుకు తట్టుకునే ఆ యంత్రమే సుమీత్ మిక్సీ. మా ఇళ్లలో రుబ్బురోలు మూలకు చేరడంలో దాని పాత్ర తక్కువది కాదు. బాగుచేయనన్నవాడి బేరం ఎవరి చేతికి పోతుందో చూశారు కదా. నేను మాథుర్‌ని కాను, మెషిన్ తయారుచేయలేను. కానీ జాలీ కడగడం వచ్చేసింది, మా వీధిలో ఇప్పటికి ముగ్గురికి నేర్పాను.

ఒక్క పని మిగిలింది. మూడో కంప్లయింటుకు వచ్చిన కోడ్, తాళం వేసి ఉందన్నారు గనక, ఎవరూ అడగక మా అమ్మాయి ఫోనులో అలాగే ఉండిపోయింది. నాలుగంకెలు. ఆ అంకెలు ఇక్కడ రాయను. అవి ఆ రాత్రి ‘నేనుంటాను’ అన్నావిడవి. ఆవిడను మా నంబరుకు ఒక్కసారి ఫోను చేయమనండి. మా ఆవిడే స్వయంగా చదివి చెబుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత సబ్ పోస్టుమాస్టరు

జత: అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఒకటి, పాత స్టాకులోది. చదివినవారే సంతకం చేసి తిప్పి పంపవలెను.